ఇంట్లో జకూజీ టబ్‌ను జాగ్రత్తగా వాడటం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

విల్లాల్లోనూ పెద్ద ఫ్లాట్లలోనూ జకూజీ టబ్ ఇప్పుడు మామూలైపోయింది. బిగించి వెళ్లేవాళ్లు స్విచ్ ఎక్కడుందో చూపిస్తారు గానీ నీళ్ల వేడి గురించి, కరెంటు గురించి, పైపుల్లో నిలిచిపోయే నీటి గురించి చెప్పేవాళ్లు తక్కువ. ప్రమాదాలన్నీ దాదాపు ఈ మూడింటి దగ్గరే జరుగుతాయి. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు వాటికే ఇచ్చాం.

మా ఇంట్లో ఉన్నది జకూజీనా, హాట్ టబ్బా? తేడా ఎలా తెలుస్తుంది?

నీళ్లు ఎప్పుడు వదిలేస్తారో చూడండి. స్నానం అయ్యాక ప్రతిసారీ నీళ్లు వదిలేసేది వర్ల్‌పూల్ టబ్, మనం జకూజీ అనేది దీన్నే. మన దగ్గర బాత్రూముల్లో ఉండేవి చాలావరకు ఇవే. టబ్ పక్కనున్న పంపు, టబ్‌లోని నీటినే పీల్చి జెట్ల గుండా తిరిగి కొడుతుంది. జెట్లు లేని మామూలు టబ్‌లో ముంచే పంపును కాలిఫోర్నియాలో జకూజీ కుటుంబం 1956లో తెచ్చింది. కీళ్లవాతంతో బాధపడే తమ పిల్లవాడి కోసం చేసిన పరికరం అది. జెట్లు టబ్ గోడల్లోనే ఉండే నమూనా 1968లో వచ్చింది.

హాట్ టబ్ వేరు. అందులో నీళ్లు వారాల తరబడి అలాగే ఉంటాయి. ఫిల్టరు ఉంటుంది. క్లోరిన్ లీటరుకు కనీసం 3 మిల్లీగ్రాములు, పీహెచ్ 7.0 నుంచి 7.8 మధ్య ఉండేలా తరచూ పరీక్షించుకోవాలి. వర్ల్‌పూల్ టబ్‌కు ఫిల్టరు లేదు కాబట్టి, "నిన్నటి నీళ్లు శుభ్రంగానే ఉన్నాయి కదా" అని మళ్లీ వాడకూడదు. ఒకరు స్నానం చేసిన నీళ్లలో ఇంకొకరు దిగడం కూడా మంచిది కాదు.

నీళ్లు ఎంత వేడిగా ఉండాలి? ఎంతసేపు కూర్చోవచ్చు?

40 డిగ్రీల సెల్సియస్ గరిష్ఠ హద్దు. రోజువారీ వాడకానికి 37 నుంచి 39 డిగ్రీలు చాలు. 40 డిగ్రీల దగ్గర 15 నిమిషాలకు లేచిపోవాలి, 37 డిగ్రీల దగ్గర 20 నిమిషాల దాకా ఇబ్బంది ఉండదు.

చేత్తో చూసి అంచనా వేయకండి. వంట చేసే చేతికి 43 డిగ్రీలు కూడా గోరువెచ్చగానే అనిపిస్తుంది. పసిపిల్లల స్నానానికి అమ్మే నీళ్లలో తేలే థర్మామీటరు ఒకటి కొనుక్కోండి. పంపు ఒక నిమిషం తిప్పి, నీళ్లు కలిసిన తర్వాత కొలవండి. పైన వేడిగా, అడుగున చల్లగా ఉండటం మామూలే.

ముందు చన్నీళ్లు, తర్వాత వేడినీళ్లు పట్టాలి. 60 డిగ్రీల నీళ్లు కొన్ని సెకన్లలోనే ఒళ్లు కాలుస్తాయి. మే నెలలో డాబా మీది ట్యాంకు నుంచి వచ్చే "చన్నీళ్లే" బాగా వేడెక్కి ఉంటాయి. ఆ రోజుల్లో గీజర్ వేయకుండానే టబ్ నింపి, కొలిచి చూడండి. సోలార్ హీటర్ నీళ్లు ఎండ బాగా ఉన్న రోజు 70 డిగ్రీలు దాటుతాయి, వాటిని చన్నీళ్లు కలపకుండా నేరుగా టబ్‌లోకి వదలకూడదు.

25 లీటర్ల గీజర్ సరిపోతుందా?

సరిపోదు. లెక్క ఇదీ. ట్యాంకు నీళ్లు 27 డిగ్రీలు, గీజర్ నీళ్లు 60 డిగ్రీలు అనుకుంటే, టబ్‌లో 200 లీటర్లు 40 డిగ్రీలకు రావాలంటే వేడినీళ్లు దాదాపు 80 లీటర్లు కావాలి. చలికాలంలో ట్యాంకు నీళ్లు 20 డిగ్రీలకు దిగితే 100 లీటర్లు కావాలి. 25 లీటర్ల గీజర్ ఒక విడతకు ఇచ్చేది 63 లీటర్ల గోరువెచ్చని నీళ్లు. 2 కిలోవాట్ల గీజర్ మళ్లీ కాగడానికి అరగంట పడుతుంది, ఈలోగా టబ్‌లో పోసినవి చల్లారిపోతాయి. 100 లీటర్ల గీజరో, సోలారో ఉంటేనే హాయి. కరెంటు ఖర్చు మాత్రం మరీ ఎక్కువ కాదు. 200 లీటర్లను 27 నుంచి 40 డిగ్రీలకు తేవడానికి సుమారు 3 యూనిట్లు.

నీళ్లు చాలలేదని బకెట్లో వాడే హీటర్ రాడ్‌ను టబ్‌లో పెట్టేవాళ్లు ఉన్నారు. ఏ పరిస్థితిలోనూ ఆ పని చేయొద్దు. కాలిన రాడ్ తగిలితే అక్రిలిక్ కరిగిపోతుంది. అంతకంటే ముఖ్యం, రాడ్ పైపూత ఎక్కడ పగిలినా 200 లీటర్ల నీళ్లలోకీ కరెంటు వస్తుంది.

టబ్‌తోపాటు వచ్చే ఇన్‌లైన్ హీటరు మీద కూడా పెద్ద ఆశలు పెట్టుకోవద్దు. వేడి పట్టిన నీళ్లు చల్లారకుండా చూడటం వరకే దాని పని.

గ్యాస్ గీజర్‌తో నింపుకోవచ్చా?

గీజర్ బాత్రూము బయట, గాలి బాగా ఆడే చోట ఉంటేనే. లోపల ఉంటే వద్దే వద్దు.

మామూలు స్నానానికి గ్యాస్ గీజర్ అయిదారు నిమిషాలు వెలుగుతుంది. నిమిషానికి 6 లీటర్లు ఇచ్చే గీజర్‌తో 200 లీటర్ల టబ్ నింపాలంటే అరగంటకు పైగా వెలుగుతూనే ఉండాలి. తలుపు, కిటికీ వేసిన చిన్న గదిలో అంతసేపు మంట మండితే ఆక్సిజన్ తగ్గుతుంది, గ్యాస్ సరిగా కాలదు, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, మగత వరుసగా వస్తాయి. వేడినీళ్లలో ఉన్న మనిషి వాటిని స్నానం హాయి అనుకుని అలాగే కూర్చుండిపోతాడు. బాత్రూములో గ్యాస్ గీజర్ వల్ల మనుషులు చనిపోయిన వార్తలు ప్రతి చలికాలం వస్తూనే ఉన్నాయి. వాటిల్లో చాలావరకు మామూలు బకెట్ స్నానాలే. టబ్‌కు పట్టే సమయం అంతకు అయిదారింతలు.

గీజర్‌ను బయటికి మార్చడం ప్లంబర్‌కు ఒక పూట పని. అప్పటిదాకా టబ్ వాడకం ఆపేయండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందని ధైర్యం చేయవద్దు.

కరెంటు విషయంలో ఏమేం చూసుకోవాలి?

మొదట ఆర్‌సీసీబీ, అంటే కరెంటు కాస్త లీకైనా లైనును వెంటనే ఆపేసే స్విచ్. టబ్ పంపుకు, హీటరుకు విడిగా లాగిన లైను మీద 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. డబ్బాలో ఎంసీబీ ఉంది కదా అంటారు. ఎంసీబీ వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు ఒంట్లోంచి పోతే గుండె లయ తప్పుతుంది. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది కనబడనే కనబడదు. కొన్ని ఇళ్లలో మెయిన్ దగ్గర 100 లేదా 300 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటుంది. పెద్ద లీకేజీల నుంచి, నిప్పు నుంచి కాపాడటానికి పెట్టేది అది. టబ్‌కు చాలదు. దాని ముఖం మీద రాసిన అంకె చదవండి. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కాలి. నొక్కగానే పడిపోకపోతే ఆ రోజే మార్పించండి.

రెండోది ఎర్తింగ్. సాకెట్లో ఎర్త్ పిన్నుకు న్యూట్రల్ నుంచి చిన్న వైరు కలిపి "ఎర్త్ ఇచ్చాం" అనే పద్ధతి ఇంకా ఉంది. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే పంపు బాడీకి పూర్తి 230 వోల్టులు వచ్చేస్తాయి. ఎలక్ట్రీషియన్‌తో మీటరు పెట్టించి, ఎర్త్‌కూ న్యూట్రల్‌కూ మధ్య వోల్టేజీ 2, 3 వోల్టులకు మించలేదని చూడండి. కలిపేసిన చోట ఆ మీటరు సున్నా చూపిస్తుంది కాబట్టి సాకెట్ విప్పి కూడా చూడాలి.

మూడోది, ఎవరూ గమనించనిది, టబ్ అంచు మీద నొక్కే బటన్. అది కరెంటు స్విచ్ కాదు. నొక్కితే సన్నని గొట్టంలో గాలి వెళ్లి దూరంగా ఉన్న స్విచ్‌ను తడుతుంది. అందుకే తడి చేత్తో నొక్కినా ఏమీ కాదు. ఆ బటన్ పాడైనప్పుడు దాని స్థానంలో కాలింగ్ బెల్ స్విచ్ లాంటిది పెట్టేస్తే 230 వోల్టులను టబ్ అంచుకు తెచ్చి పెట్టినట్టే. గాలి బటనే మళ్లీ వేయించాలి.

చార్జింగ్‌లో ఉన్న ఫోను, హెయిర్ డ్రయ్యరు, ఎక్స్‌టెన్షన్ బాక్సు బాత్రూము తలుపు బయటే ఉండాలి.

పంపు వేయగానే ఆర్‌సీసీబీ పడిపోతోంది. తీసేసి నేరుగా కలిపితే నడుస్తోంది. అలా వాడొచ్చా?

వాడకూడదు. అది పడిపోతోందంటే కరెంటు ఎక్కడో నీళ్లలోకో ఎర్త్‌లోకో కారుతోందని అర్థం. పక్క ప్యానెల్ తీసి పంపు కింద చూడండి. మోటారుకూ పంపుకూ మధ్య తెల్లటి ఉప్పు చారలు ఉంటే మెకానికల్ సీలు కారి తడి మోటారులోకి చేరింది. చారలు లేకపోతే హీటరు కనెక్షన్ విడదీయించి పంపు ఒక్కటీ వేయించండి. అప్పుడు నిలబడితే లోపం హీటరు ఎలిమెంటులో ఉంది. సీలు తక్కువ ఖరీదు వస్తువే. చాలాసార్లు అది చెడేది నీళ్లు లేకుండా పంపు తిప్పినందువల్లే. నీళ్లు తగలక సీలు ముఖాలు వేడెక్కి పగులుతాయి. పై జెట్ల కంటే కనీసం 5 సెంటీమీటర్లు పైకి నీళ్లు వచ్చాకే పంపు వేయాలి. పంపు ఆపాకే నీళ్లు వదలాలి.

స్నానం మధ్యలో కరెంటు పోతే?

చీకట్లో తడి టబ్‌లోంచి లేవడమే అసలు ప్రమాదం. బాత్రూములో ఒక చార్జింగ్ లైటు పెట్టుకోండి. పట్టుకుని లేవడానికి గోడకు ఉక్కు పట్టీ బిగించండి. ఇన్వర్టరు మీద పంపు నడపకండి. 1 హార్స్‌పవర్ మోటారు మొదలయ్యేటప్పుడు లాగే కరెంటును మామూలు ఇంటి ఇన్వర్టరు తట్టుకోదు.

ఎవరు దూరంగా ఉండాలి?

గర్భిణులు, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో. తల్లి శరీర ఉష్ణోగ్రత 39 డిగ్రీలకు చేరితే బిడ్డ వెన్నుపాము, మెదడు ఏర్పడే దశలో హాని జరగవచ్చు. జెట్లు లేకుండా గోరువెచ్చని నీళ్లలో మామూలు స్నానం చేయవచ్చు.

గుండెజబ్బు, అదుపులో లేని బీపీ, మూర్ఛ ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా దిగవద్దు. బీపీ మాత్రలు వేసుకునేవారికి వేడినీళ్లలో రక్తనాళాలు ఇంకాస్త వెడల్పై, లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. లేచే ముందు పంపు ఆపి, నీళ్లు సగం వదిలి, టబ్ అంచు మీద ఒక నిమిషం కూర్చోండి.

షుగర్ చాలా ఏళ్లుగా ఉండి అరికాళ్లకు స్పర్శ తగ్గినవాళ్ల సంగతి వేరు. నీళ్లు కాలుతున్నా వాళ్లకు తెలియదు. మా నాన్నగారికి కాళ్ల నొప్పులు, జకూజీ మంచిదేనా అని అడిగేవాళ్లు ముందు ఈ సంగతి తేల్చుకోవాలి. థర్మామీటరు చూసి 37 డిగ్రీలు దాటనివ్వకండి, పుండ్లు ఉంటే అసలు దింపకండి. నొప్పికి చర్మం మీద అంటించే మందు పట్టీలు వాడేవాళ్లు కూడా జాగ్రత్త పడాలి, వేడికి మందు ఒంట్లోకి త్వరగా ఎక్కువైపోతుంది.

మందు తాగి దిగవద్దు. మద్యం, వేడి రెండూ బీపీని తగ్గిస్తాయి, రెండూ మగత తెస్తాయి. నిద్రమాత్రలకూ ఇదే వర్తిస్తుంది. పిల్లల కోసం ప్రయత్నిస్తున్న మగవాళ్లు తరచూ వేడి టబ్‌లో కూర్చుంటే వీర్యకణాలు తగ్గుతాయి, ఆ కొన్ని నెలలు మానేయడమే మేలు.

పిల్లల్ని ఆడుకోనివ్వొచ్చా?

అయిదేళ్లలోపు పిల్లల్ని జెట్లు నడుస్తున్న టబ్‌లో దింపకండి. వాళ్ల ఒళ్లు పెద్దవాళ్ల కంటే త్వరగా వేడెక్కుతుంది. కాస్త పెద్ద పిల్లలైతే 36, 37 డిగ్రీల నీళ్లలో పది నిమిషాలు చాలు. పెద్దవాళ్లు చేయి చాస్తే అందేంత దగ్గర కూర్చోవాలి.

నీళ్లు రెండ్రోజులకోసారి వచ్చే చోట టబ్‌ను నీళ్ల తొట్టిగా నింపి ఉంచుతారు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ అలవాటు ప్రాణాంతకం. నడక నేర్చిన పిల్లలు జానెడు నీళ్లలో తలకిందులైనా లేవలేరు, చప్పుడు కూడా వినిపించదు. టబ్ ఖాళీగా ఉండాలి, బాత్రూముకు బయట పైన గడియ ఉండాలి.

జుట్టు పైకి కట్టుకోమంటారెందుకు?

టబ్ అడుగునో పక్కనో రంధ్రాలున్న గుండ్రటి మూత కనిపిస్తుంది. పంపు నీళ్లు పీల్చేది అక్కడే. విరబోసుకున్న పొడవాటి జుట్టు నీళ్లతోపాటు ఆ రంధ్రాల్లోకి వెళ్లి, మూత వెనుక ముడిపడుతుంది. పంపు ఆపినా ఆ ముడి విడిపోదు. తల నీళ్లలో ఉండగా ఇలా జరిగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. జడైనా సరే ముడి చుట్టి, పైకి పిన్ను పెట్టండి. మెడలో గొలుసు, మొలతాడు, వదులు బట్టలు తీసేయండి. తల నీళ్లలో ముంచకండి.

మూత పగిలినా, స్క్రూ ఊడినా, కొత్తది వచ్చేదాకా పంపు వేయవద్దు. 2002లో అమెరికాలో వర్జీనియా గ్రేమ్ బేకర్ అనే ఏడేళ్ల పాప హాట్ టబ్ డ్రెయిన్ పీల్చుడుకు అతుక్కుపోయి మునిగి చనిపోయింది. పెద్దవాళ్లు లాగినా వెంటనే విడిపించలేకపోయారు. 2007లో అక్కడ ఆమె పేరుతో ఈత కొలనులు, స్పాల భద్రతా చట్టం వచ్చింది. ఇంటి టబ్ పంపు అంత బలమైనది కాకపోవచ్చు, జుట్టు పట్టుకోవడానికి మాత్రం ఆ బలం అక్కర్లేదు.

జారకుండా వేసే రబ్బరు మ్యాట్ కూడా కదిలి ఈ మూతను కప్పేయగలదు. పంపు వేసేటప్పుడు తీసేయండి.

నూనె రాసుకుని, సున్నిపిండితో టబ్‌లో తలంటుకోవచ్చా?

తలంటు బయట పూర్తిచేసుకుని, ఒళ్లు శుభ్రంగా కడుక్కున్నాక టబ్‌లోకి రండి. నువ్వుల నూనె పైపుల లోపలి గోడలకు అంటుకుంటే వేడినీళ్లకు కూడా పోదు, బ్యాక్టీరియాకు అదే ఆహారం. సున్నిపిండి మలుపుల దగ్గర పేరుకుని పులుస్తుంది. కుంకుడు రసం గానీ షాంపూ గానీ కాస్త ఉన్నా జెట్లు వేయగానే నురుగు టబ్ దాటి నేల మీదికొస్తుంది, నేల జారుతుంది. పసుపు మరక అక్రిలిక్ మీద నెలల పాటు ఉంటుంది.

గులాబీ రేకులు ఫొటోకు బాగుంటాయి. పంపు వేయకపోతే వేసుకోండి. వేస్తే మాత్రం రేకులన్నీ పీల్చే మూతకు అంటుకుని పంపుకు నీళ్లు అందవు. స్నానపు ఉప్పులు హీటరు లోహాన్ని తింటాయి, కంపెనీ పుస్తకంలో ఫర్వాలేదని ఉంటేనే వాడాలి.

జెట్లు వేయగానే నల్లటి రేకుల్లాంటివి వస్తున్నాయి. ఏమిటవి?

పైపుల లోపల పెరిగిన జిగురు పొర ఊడి వస్తోంది. నీళ్లు వదిలేసినా పైపుల వంపుల్లో కొంత నీరు మిగులుతుంది. ఒంటి మురికి, సబ్బు, నూనె దాంతో కలిసి బ్యాక్టీరియా గూడు కడతాయి. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా ఉంటే ఒకటి రెండు రోజుల్లో నడుము, తొడల మీద వెంట్రుకల మొదళ్ల దగ్గర దురదతో ఎర్రటి పొక్కులు వస్తాయి. చాలామందికి వారం పది రోజుల్లో తగ్గిపోతాయి. లీజియోనెల్లా అంతకంటే చెడ్డది. 25 నుంచి 45 డిగ్రీల నీళ్లలో పెరుగుతుంది, జెట్లు లేపే సన్నని తుంపరతో ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. టబ్ వాడిన రెండు వారాల్లోపు జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే డాక్టరుకు టబ్ సంగతి తప్పక చెప్పండి.

శుభ్రం చేసే పద్ధతి ఇది. జెట్లకు గాలి వదిలే నాబ్ మూసేయండి. పై జెట్ల మీద 5 సెంటీమీటర్ల దాకా వేడినీళ్లు నింపండి. నురుగు రాని డిష్‌వాషర్ పౌడర్ రెండు టీస్పూన్లు, 5 శాతం ద్రవ బ్లీచ్ అరకప్పు, అంటే దాదాపు 120 మిల్లీలీటర్లు వేయండి. చేత్తో గిన్నెలు తోమే ద్రవం పనికిరాదు, నురుగు ఆగదు. బ్లీచింగ్ పౌడరు కూడా వద్దు, కరగని పొడి జెట్లలో ఇరుక్కుంటుంది. పంపు 10 నిమిషాలు నడిపి, ఆపి, మరో 10 నిమిషాలు అలాగే ఉంచి వదిలేయండి. మళ్లీ చన్నీళ్లు నింపి 5 నిమిషాలు నడిపి వదలండి. రేకులు ఇంకా వస్తుంటే మళ్లీ చేయాలి. బాగా పాతబడిన టబ్‌కు మూడు నాలుగు సార్లు పట్టవచ్చు. వారానికి రెండు మూడుసార్లు వాడే ఇంట్లో నెలకు రెండుసార్లు ఇలా కడగాలి. కిటికీ తెరిచి, ఫ్యాను వేసి, టబ్ బయట నిలబడి చేయండి.

ఈ బ్లీచ్‌తో టాయిలెట్ కడిగే యాసిడ్ గానీ, వెనిగర్ గానీ, నిమ్మ ఉప్పు గానీ కలవకూడదు. కలిస్తే విషవాయువైన క్లోరిన్ వస్తుంది. మూసిన బాత్రూములో కొన్ని గుక్కలు చాలు ఊపిరి ఆడకుండా చేయడానికి.

మాది బోరు నీళ్లు. జెట్లు తెల్లగా పేరుకుపోతున్నాయి.

అది కాల్షియం. జెట్ ముఖాలు చాలా టబ్‌లలో ఎడమకు తిప్పితే ఊడి వస్తాయి. వాటిని వెనిగర్‌లో గంట నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. పైపులకు, హీటరుకు మూడు నెలలకోసారి వేడినీళ్లలో 150 గ్రాముల నిమ్మ ఉప్పు కరిగించి 10 నిమిషాలు తిప్పి వదిలి, చన్నీళ్లతో కడగాలి. బ్లీచ్ కడుగుడుకూ దీనికీ మధ్య కనీసం ఒక రోజు ఎడం ఉండనివ్వండి. టబ్ మీద పీచు, ఇసుక పౌడరు, టైల్స్ యాసిడ్ పడనీయకండి.

పంపు 'ఊ' అంటోంది, తిరగడం లేదు.

వెంటనే ఆపండి. అలా వదిలేస్తే మోటారు వైండింగ్ కాలుతుంది. కెపాసిటర్ పోయి ఉండాలి, లేదా చాలాకాలం వాడక షాఫ్టు పట్టేసి ఉండాలి. తిరుగుతోంది గానీ జెట్లు బలహీనంగా ఉన్నాయంటే పీల్చే మూత వెనుక జుట్టు, మూసుకుపోయిన జెట్లు, తక్కువ నీటి మట్టం, ఈ వరుసలో చూడండి.

కొత్తగా టబ్ పెట్టిస్తున్నాం. మేస్త్రికి ముందే ఏం చెప్పాలి?

పంపు ఉన్న వైపు టైల్స్‌తో మూసేయొద్దని. అందంగా ఉంటుందని చుట్టూ ఇటుక కట్టి టైల్స్ వేసేస్తారు. తర్వాత చిన్న యూనియన్ (పైపుల జాయింటు) కారినా పగలగొట్టాల్సిందే, అందుకే జనం కారుతున్నా పట్టించుకోకుండా వాడుతుంటారు. పంపు ఎదురుగా కనీసం అడుగున్నర చదరం తలుపు, మోటారుకు గాలి ఆడే జాలీ ఉంచమనండి. మూసే ముందు టబ్ నింపి 20 నిమిషాలు పంపు నడిపి, ప్రతి జాయింటు కిందా పొడి టిష్యూ కాగితం పెట్టి చూడాలి.

ఫ్లాటులో అయితే బరువు లెక్క కూడా ఉంది. ఇంటి బాత్రూము శ్లాబును చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 200 కిలోల అదనపు భారానికి లెక్కవేయమని భవనాల మీది భారాలకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 చెబుతుంది. ఇద్దరు పట్టే టబ్‌లో 350 లీటర్ల నీళ్లు, టబ్ బరువు 80 కిలోలు, ఇద్దరు మనుషులు కలిపి 570 కిలోలు అవుతుంది. అదంతా రెండు చదరపు మీటర్ల పైచిలుకు జాగాలోనే పడుతుంది. అంటే చదరపు మీటరుకు 250 కిలోలు. స్ట్రక్చరల్ ఇంజినీరు డ్రాయింగ్ చూసి సరే అన్నాకే టబ్ ఆర్డరివ్వండి.

నెల రోజులు ఊరెళ్తున్నాం. టబ్‌ను ఎలా వదలాలి?

వెళ్లే ముందు బ్లీచ్‌తో కడిగి, చన్నీళ్లతో తిప్పి, పూర్తిగా వదిలేయండి. ఎయిర్ బ్లోయరు ఉంటే రెండు నిమిషాలు నడిపితే గాలి పైపులు ఆరతాయి. టబ్ లైను ఎంసీబీ కిందికి దించండి. తిరిగొచ్చాక మొదట గీజర్‌ను 60 డిగ్రీలకు కాగనిచ్చి, పాత నీళ్లన్నీ కుళాయి నుంచి వదిలేయండి. తర్వాత టబ్ నింపి, బాత్రూము తలుపు బయట నిలబడి పంపును 10 నిమిషాలు నడపండి. ఆ నీళ్లు వదిలేసి, మరోసారి బ్లీచ్‌తో కడిగాకే స్నానానికి దిగండి.